దేహమునకు రక్ష, ఊరికి రక్ష

1894వ సంవత్సరము మార్చి నెలాఖరున కలకత్తా నగరమందలి కట్టల్ బగాన్ అను బస్తీలో కలరా పొడసూపి ప్రాణములను బలిగొనెను. నాటి బస్తీలలో జనులు త్రాగుటకును, స్నానమాడుటకును, బట్టలుతుకుకొనుటకును చెరువునీటినే వాడుకొనుచుండిరి. నగర ఆరోగ్యాధికారియైన డాక్టర్ సింప్సన్ కోరిక మీద హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు ఆ బస్తీకి వచ్చెను. ఆయన ఒడెస్సాలో పుట్టి, ప్యారిస్ నగరమందలి పాస్టర్ సంస్థలో పనిచేసి, 1892 జూలై 18వ తేదీన తాను సిద్ధపరచిన కలరా టీకాను మొట్టమొదట తన దేహముపైననే ప్రయోగించుకొనిన ధీరుడు. బస్తీలోని రమారమి రెండువందల మందిలో 116 మంది ఆయనచేత టీకా వేయించుకొనిరి. తక్కినవారు నిరాకరించిరి. అటుపిమ్మట ఆ బస్తీలో కలరా వలన కలిగిన మరణములన్నియు టీకా వేయించుకొననివారిలోనే కలిగెను.

రెండువందల మంది గల ఒక్క బస్తీని చూచి శాస్త్రము తుది తీర్పు చెప్పజాలదు. ఐనను ఆ సంఘటన ఒక ప్రశ్నను లేవదీసినది. వీధి ఒక్కటే, నీరు ఒక్కటే, క్రిమి ఒక్కటే. అట్టియెడ ఒకడు పడిపోవుటకును, మరియొకడు నిలిచియుండుటకును కారణమేమి? మానవదేహమునకు గల రక్షణశక్తియే దీనికి సమాధానము. ఆ శక్తి ఎట్లు పనిచేయునో తెలిసికొనినవాడు దానికి తోడ్పడగలడు. తెలియనివాడు దానిపేర అంగడిలో అమ్మెడి ప్రతి సీసాకును సొమ్ము చెల్లించును. నేడు ఈ రెండవ తరగతివారి సంఖ్య పెరుగుచుండుట విచారింపదగిన విషయము.

ద్వారముకడ కావలి

దేహమునకు మొదటి రక్ష చర్మము. చీలిక లేని చర్మమును దాటి లోనికి చొరగల క్రిములు మిక్కిలి అరుదు. కంటినీటియందును లాలాజలమందును క్రిములను ఛేదించు ద్రవ్యములు కలవు. ముక్కు, గొంతు, ప్రేగులు మొదలగు వాని లోపలి పొర జిగటపదార్థమును స్రవించి క్రిములను పట్టి వెలుపలికి నెట్టివేయును. జఠరమందలి ఆమ్లము మనము భుజించు అన్నపానీయములతో వచ్చు క్రిములలో పెక్కింటిని చంపివేయును. కలరా క్రిమికి ఈ ఆమ్లము గొప్ప శత్రువు. ఆరోగ్యవంతుని జఠరమును దాటి రోగము కలిగింపవలెనన్నచో కోట్లకొలది కలరా క్రిములు లోనికి పోవలెను. సోడా వంటి క్షారముచేత ఆమ్లము తగ్గియున్నచో అంతకంటె ఎంతో తక్కువ క్రిములే చాలును. కావున ప్రతి చిన్న కడుపుమంటకును వైద్యుని సలహా లేకుండ ఆమ్లహరములను మ్రింగుట ద్వారపాలకుని నిద్రపుచ్చుట వంటిది.

ద్వారమును దాటిన క్రిమిని మొదట ఎదుర్కొనునవి తెల్లరక్తకణములు. వీనిలో కొన్ని క్రిములను చుట్టుముట్టి మ్రింగి జీర్ణము చేసికొనును. 1882వ సంవత్సరమున మెచ్నికాఫ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు నక్షత్రపుచేప పిల్లల దేహములో గ్రుచ్చిన ముల్లు చుట్టును ఇట్టి కణములు మూగుటను సూక్ష్మదర్శినితో కనిపెట్టెను. హాఫ్‌కిన్ ఈ మెచ్నికాఫ్ శిష్యుడే. పుండు చుట్టును ఎరుపెక్కి వాచుట, చీము పట్టుట, జ్వరము వచ్చుట అను లక్షణములు పెక్కుసారులు ఈ పోరాటమునకు గుర్తులు. వచ్చినది ఏ జాతి క్రిమియో విచారింపక ఈ కణములు గంటలలోనే పనికి పూనుకొనును. త్వరగా వచ్చుట వీని గుణము. జ్ఞాపకముంచుకొనకపోవుట వీని లోపము.

జ్ఞాపకముంచుకొను సైన్యము

ఆ లోపమును తీర్చునది రెండవ సైన్యము. లింఫు కణములు అనబడు తెల్లకణములలో రెండు ముఖ్యజాతులు కలవు. బి-కణములు అనునవి ప్రతిరక్షకములు అను మాంసకృత్తులను తయారుచేయును. ఒక్కొక్క ప్రతిరక్షకము ఒక్కొక్క క్రిమి యొక్క ఏదో ఒక భాగమునకు మాత్రమే, తాళమునకు తాళపుచెవి వలె, సరిపోవును. అది క్రిమికి అంటుకొని దానిని కదలనీయకుండ చేయును, లేదా మ్రింగు కణములకు దానిని పట్టియిచ్చును. టి-కణములు అనునవి కొన్ని ఈ పనికి ఆజ్ఞలిచ్చును. మరికొన్ని, క్రిమి దాగియున్న మన సొంత కణమునే గుర్తించి నాశనము చేయును.

అయితే ఈ సైన్యమునకు సమయము కావలెను. మొదటిసారి చూచిన శత్రువునకు తగిన కణములను వెదకి, వానిని వృద్ధిచేసి, చాలినన్ని ప్రతిరక్షకములను తయారుచేయుటకు ఒకటి రెండు వారములు పట్టును. పోరాటము ముగిసిన పిమ్మట కొన్ని కణములు జ్ఞాపకమును నిలుపుకొని దేహమందే ఉండిపోవును. అదే శత్రువు మరల వచ్చినప్పుడు ఇవి త్వరితముగా లేచి, రోగము ముదురకముందే దానిని అణచివేయును. మశూచికము ఒకమారు వచ్చి బ్రతికినవానికి మరల రాదని మన పెద్దలు అనుభవముచేత ఎరిగినది ఈ సత్యమునే.

టీకా చేయు పని ఇంతమాత్రమే. చచ్చిన క్రిమినో, బలము తగ్గించిన క్రిమినో, దాని యొక్క ఒక భాగమునో దేహమునకు చూపి, రోగపు బాధ లేకుండ ఆ జ్ఞాపకమును కలిగించును. టీకా బయటినుండి తెచ్చి పోసిన బలము కాదు. అది దేహమునకు చెప్పిన పాఠము.

కలరా నేర్పిన గుణపాఠము

ఇంత చక్కని సైన్యము ఉండగా కలరా అన్ని లక్షల ప్రాణములను ఎట్లు హరింపగలిగెనని అడుగవచ్చును. దీనికి సమాధానము సైతము కలకత్తాలోనే లభించినది. 1884లో జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ ఈ నగరమునకు వచ్చి కలరా రోగులలోను, చెరువునీటిలోను కామా ఆకారము గల క్రిమిని చూపెను. ఆ క్రిమి ఒక విషమును స్రవించునని ఆయన ఊహించెను. ఆ ఊహను ప్రయోగముచేత నిరూపించుటకు డెబ్బదియైదు సంవత్సరములు పట్టినది. 1959లో కలకత్తా వైద్యకళాశాలలో పనిచేయుచుండిన డాక్టర్ శంభునాథ్ దే, క్రిములను పూర్తిగా వడగట్టి తీసివేసిన ద్రవమును కుందేలు ప్రేగులోనికి ఎక్కించి, క్రిమి ఒక్కటియు లేకున్నను ప్రేగు నీటితో ఉబ్బుటను చూపి, నేచర్ పత్రికలో ప్రకటించెను. విషము ఉన్నదని రుజువైనది. ఆ మహనీయునికి జీవితకాలమున తగిన గౌరవము మనదేశమున లభింపలేదని చెప్పుటకు సిగ్గుపడవలసియున్నది.

ఈ విషము ప్రేగు లోపలి పొరలోని కణములకు అంటుకొని, లవణములను వెలుపలికి వదలు మార్గములను తెరచియుంచును. లవణములను వెంబడించి నీరు ప్రవహించును. తీవ్రమైన రోగమున గంటకు ఒక లీటరు వరకు నీరు పోవచ్చును. చికిత్స లేనిచో మనుష్యుడు కొన్ని గంటలలోనే మరణింపవచ్చును. రక్షకసైన్యమునకు కావలసినది ఒకటి రెండు వారములు, రోగమిచ్చు గడువు కొన్ని గంటలు. కలరా యొక్క భయంకరత్వమంతయు ఈ లెక్కలో కలదు. ఎంతటి బలవంతుడైనను, ఎంతటి మల్లుడైనను ఈ లెక్కను తప్పింపజాలడు.

కావున కలరాలో మొదటి కర్తవ్యము దేహమునకు గడువు సంపాదించియిచ్చుట. 1971లో తూర్పు పాకిస్తాను నుండి లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చినప్పుడు, కలకత్తాకు సమీపమున గల బనగావ్ శిబిరములో కలరా చెలరేగెను. నరములలోనికి ఎక్కించు సెలైను సీసాలు చాలకపోయెను. అప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబీస్ ఉప్పు, తినుసోడా, గ్లూకోజు కలిపిన నీటిని రోగులచేత త్రాగింప నారంభించెను. వారి బంధువులచేతనే అది త్రాగింపబడెను. శిబిరమున మరణములు సుమారు నూటికి ముప్పది నుండి నూటికి నాలుగు లోపునకు దిగెను. విషము ఎంతగా పనిచేసినను, చక్కెర తోడైన ఉప్పును గ్రహించు మార్గమును మూసివేయలేదు. ఆ మార్గముననే నీరు లోనికి పోవును. ఆ ద్రవము క్రిమిని చంపలేదు. అది ప్రాణమును నిలిపి, దేహము తన పని తాను ముగించుకొనుటకు వ్యవధి ఇచ్చినది.

ప్రేగునకు పాఠము ప్రేగునందే

కలరా క్రిమి రక్తములోనికి పోదు. ప్రేగు పొరను అంటిపెట్టుకొనియుండి అచ్చటనే విషము స్రవించును. కావున చేతికి సూదితో వేసిన పాతకాలపు టీకా రక్తములో కలిగించిన ప్రతిరక్షకములు యుద్ధభూమికి తగినంతగా చేరలేదు. ఆ టీకాల రక్షణ స్వల్పమనియు, కొద్దినెలలకే తగ్గిపోవుననియు తరువాతి పరిశోధనలు తేల్చినవి. 1973లో అంతర్జాతీయ ప్రయాణికులకు కలరా టీకా నిర్బంధమును ప్రపంచ ఆరోగ్యసంస్థ తొలగించెను. హాఫ్‌కిన్ కృషికి ఇది కళంకము కాదు. తన తప్పును తానే సరిదిద్దుకొనుట శాస్త్రధర్మము.

ప్రేగు పొరయందు స్రవించు ప్రతిరక్షకములు వేరు. వానిని మేల్కొల్పవలెనన్నచో పాఠమును ప్రేగునకే చెప్పవలెను, అనగా టీకాను నోటిద్వారా ఇయ్యవలెను. అట్టి టీకాను 2006లో కలకత్తా బస్తీలలోనే పరీక్షించిరి. నగరమందలి జాతీయ కలరా, ఆంత్రవ్యాధుల పరిశోధనసంస్థవారు అంతర్జాతీయ టీకా సంస్థతో కలిసి దీనిని నడిపిరి. ఒక సంవత్సరము వయస్సు దాటిన సుమారు 67,000 మందికి రెండు మోతాదులు ఇచ్చిరి. వారిలో కొందరికి నిజమైన టీకా, తక్కినవారికి కలరా టీకా కాని ద్రవము. ఆ టీకా హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థలో తయారైనదని తెలుగువారు గర్వముతో చెప్పుకొనవచ్చును. ఐదు సంవత్సరముల అనంతరము లెక్కచూడగా టీకా కలరాను నూటికి 65 వంతులు తగ్గించినట్లు తేలినది.

ఈ 65 అను సంఖ్యను నిదానముగా చదువవలెను. అది నూరు కాదు. పైగా ఐదేండ్ల లోపు పిల్లలలో రక్షణ 42 వంతులు మాత్రమే. పదునైదేండ్లు దాటినవారిలో అది 74 వంతులు. అనగా ఎవరికి రక్షణ మిక్కిలి అవసరమో ఆ పసివారికే టీకా ఇచ్చిన రక్షణ తక్కువ. ఈ లోటును తీర్చునది ఏది? సీసాలోని మందు కాదు. ఆ బిడ్డ చుట్టునున్న పెద్దల దేహములు, ఆ బిడ్డ త్రాగు నీరు.

పొరుగువాని టీకా

ఈ మాట అలంకారము కాదనుటకు కలకత్తాయే మరియొక నిదర్శనము ఇచ్చినది. 2004లో తూర్పు కలకత్తా బస్తీలను 80 భాగములుగా విభజించి, సగము భాగములలో టైఫాయిడ్ టీకాను, తక్కినవానిలో వేరొక వ్యాధికి సంబంధించిన టీకాను వేసిరి. టైఫాయిడ్ టీకా వేయించుకొనినవారిలో ఆ జ్వరము నూటికి 61 వంతులు తగ్గినది. అది అందరు ఆశించినదే. విశేషమేమనగా, అదే భాగములలో ఉండియు టీకా వేయించుకొననివారిలో సైతము జ్వరము సుమారు 44 వంతులు తగ్గినది. వారి దేహములు ఏ పాఠమును నేర్చుకొనలేదు. ఐనను వారికి రక్షణ లభించినది. చుట్టుప్రక్కలవారిలో రోగము తగ్గుటచేత క్రిమి వారివరకు చేరుట తగ్గినది.

కావున దేహరక్షణశక్తి ఒక్కొక్కని సొంత ఆస్తి అను భావము సగము సత్యము మాత్రమే. ప్రతి దేహమునకు రక్షకసైన్యము ఉన్నట్లే ప్రతి ఊరికిని ఒక రక్షకశక్తి కలదు. అది ఇరుగుపొరుగు దేహములన్నిటి కూడికచేత ఏర్పడును. టీకా నిరాకరించువాడు తన కోటగోడను మాత్రమే కూల్చుకొనుట లేదు. నెలల బిడ్డకు, గర్భిణికి, వృద్ధునకు, మందులచేత రక్షణశక్తి సన్నగిల్లిన రోగికి అడ్డుగా నిలిచిన గోడనుండి ఒక ఇటుకను ఊడబెరుకుచున్నాడు.

సీసాలలో దొరకని శక్తి

"మా తాతముత్తాతలు ఏ టీకాలు వేయించుకొనిరి? వారు బ్రతుకలేదా?" అని కొందరు అడుగుదురు. బ్రతికినవారి మనుమలే ఈ ప్రశ్న అడుగగలరు. బాల్యమునందే కలరాకో, మశూచికమునకో బలియైనవారికి ఆ ప్రశ్న అడుగుటకు మనుమలు లేరు.

మరికొందరు టీకాను శంకింతురు గాని, "రోగనిరోధకశక్తిని పెంచును" అని పైన వ్రాసిన ప్రతి లేహ్యమును, ప్రతి పొడిని, ప్రతి మాత్రను నిశ్శంకగా కొందురు. ఈ మాటలో ఒక పెద్ద భ్రాంతి కలదు. రక్షణశక్తి నీటితొట్టి కాదు, ఎంత పోసిన అంత నిండుటకు. అది పెక్కు జాతుల కణములు ఒకదానినొకటి పురికొల్పుచు, ఒకదానినొకటి అదుపులో ఉంచుచు నడుపు వ్యవస్థ. అది హద్దుమీరినచో అదియే రోగమగును. ఉబ్బసము, దద్దురులు, కొన్నివిధముల కీళ్లవాతము సొంత సైన్యము దారితప్పుటచేత కలుగునవే. శత్రువు ఎవడో చెప్పకుండ సైన్యమును రెచ్చగొట్టుట వివేకము కాదు.

ఆ వ్యవస్థకు నిజముగా తోడ్పడునవి విలువ తక్కువైనవి గాని వెల ఎక్కువైనవి గావని కొందరు తలంచుట పొరపాటు. వాని వెల తక్కువ, విలువ ఎక్కువ. బిడ్డ పుట్టిన గంటలోపల పట్టెడి ముఱ్ఱుపాలలో తల్లి దేహము తయారుచేసిన ప్రతిరక్షకములు కలవు. పుట్టిన కొన్ని నెలల వరకు బిడ్డ ప్రేగులకు అవియే ప్రధానమైన కవచము. ముఱ్ఱుపాలు పిండి పారబోయు ఆచారము ఎచ్చటనైన మిగిలియున్నచో అది వెంటనే మానదగినది. పప్పు, ఆకుకూరలు, గ్రుడ్లు, పండ్లు గల భోజనమునుండియే రక్షకకణములు తమ మాంసకృత్తులను, లవణములను, విటమినులను పొందును. ఆకలిగొనిన దేహమున వాని పెరుగుదల కుంటుపడును. తగిన నిద్ర, పొగాకు విడుచుట, చక్కెరవ్యాధిని అదుపులో నుంచుట సైతము ఈ కోవలోనివే. వీనిని విడిచి సీసాలను నమ్ముట, నూతిని పూడ్చి బిందెలు కొనుట వంటిది.

ఇక మూడవ తరగతివారు, "నీరు శుభ్రముగా నున్నచో టీకా ఎందుకు?" అందురు. ఇందులో న్యాయము కొంత కలదు. శుద్ధమైన నీరును, మరుగుదొడ్లును ఉన్నచోట కలరా నిలువజాలదు. పెక్కు దేశములు కలరాను తరిమినది వీనితోనే. టీకాను సాకుగా చూపి మంచినీటి ఏర్పాటును వాయిదావేయు పురపాలక సంఘమును ప్రజలు క్షమింపరాదు. అయితే కాలువలు త్రవ్వుటకు ఏండ్లు పట్టును. బిడ్డ ఈ వానకాలముననే నీరు త్రాగును. దడారము గాలిలో వ్యాపించును, దానికి మంచినీరు అడ్డము రాదు. ధనుర్వాతపు క్రిమి మట్టిలోనే కాపురముండును. కావున నీరు, టీకా అనునవి రెండు చేతుల వంటివి. ఒకదానిని చూపి మరియొకదానిని నరికికొనరాదు.

హౌరా చూపిన దారి

హుగ్లీ నదికి ఆవలి ఒడ్డున, కలకత్తాకు ఎదురుగా హౌరా జిల్లా కలదు. భారతదేశమున స్వాభావికమైన పోలియో క్రిమి వలన కలిగిన కడపటి పక్షవాతము 2011 జనవరి 13వ తేదీన ఆ జిల్లాలోని ఒక పసిపాపకు వచ్చినది. అటుపిమ్మట మూడేండ్లు ఒక్కటియు కనిపించకపోగా, 2014 మార్చి 27వ తేదీన మన దేశముతోకూడ ఆగ్నేయాసియా ప్రాంతమంతయు పోలియో రహితమని ప్రకటింపబడెను. ఆ క్రిమిని ఏ ఒక్క బిడ్డ దేహశక్తియు ఓడింపలేదు. నోటిలో రెండు చుక్కలు వేయించుటకు బిడ్డను ఎత్తుకొని వచ్చిన కోట్లాది తల్లులును, రైళ్లలోను బస్తీలలోను ఇల్లిల్లు తిరిగిన ఆరోగ్యకార్యకర్తలును కలిసి దానికి చోటు లేకుండ చేసిరి.

కట్టల్ బగాన్ నుండి హౌరా వరకు నదికి ఇరువైపుల జరిగిన ఈ నూటపదునేడు సంవత్సరముల చరిత్ర ప్రతి గృహస్థునకు కొన్ని పనులను నిర్దేశించుచున్నది. బిడ్డ టీకాల కార్డును భద్రపరచి, గడువు తప్పిన టీకాను సమీపమందలి ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమున వెంటనే వేయింపవలెను. త్రాగునీటిని కాచియో, క్లోరిన్‌తో శుద్ధి చేసియో వాడవలెను. మలవిసర్జన పిమ్మటను, భోజనమునకు ముందును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. విరేచనములు మొదలైన వెంటనే ఒక లీటరు శుద్ధమైన నీటిలో ఒక ఓఆర్ఎస్ పొట్లమును కలిపి త్రాగింప నారంభించి, రోగిని వైద్యునికడకు చేర్పవలెను. పసిబిడ్డకు తల్లిపాలు మానరాదు. ప్రక్కయింటి బిడ్డకు టీకా తప్పినదని తెలిసినచో ఆ తల్లికి ఒక మాట చెప్పవలెను, అవసరమైనచో తోడు పోవలెను. ఆ బిడ్డ రక్షణలోనే తన బిడ్డ రక్షణయు కొంత ఇమిడియున్నది.